ఆరు సెంటీమీటర్లు

నాకు అనుమానం ఎక్కువ. హోటల్లో కాఫీ గ్లాసు వాసన చూడనిదే నోట పెట్టను. ఇంటికి తాళం వేసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, ఆ తాళాన్ని రెండుసార్లు లాగి చూసి గానీ వీధిలోకి రాను. మా ఆవిడ కిరణ్మయి దీన్ని జబ్బంటుంది. నా వృత్తికి కావలసిన గుణమే ఇది అని నేను సమర్థించుకుంటూ వచ్చాను. ఎందుకంటే అప్పట్లో నేను కెర్నల్ రాసేవాణ్ణి.

కంప్యూటర్లో అన్నిటికంటే అడుగున కూర్చుని మిగతా ప్రోగ్రాములకి వంతులు వేసేదాన్ని కెర్నల్ అంటారు. ప్రాసెసర్ ఒక్కటే, పనులు మాత్రం మూడో నాలుగో ఉంటాయి. ఒక పనికి సెకనులో వందో వంతు ఇచ్చి, దాన్ని లేపేసి, ఇంకో పనిని కూర్చోబెట్టాలి. లేపేముందు ఆ పని ఎక్కడిదాకా వచ్చిందో, దాని చేతిలో ఏయే అంకెలున్నాయో అన్నీ దాని పేరు మీద మెమరీలో దాచాలి. మళ్ళీ దాని వంతు వచ్చినప్పుడు ఉన్నవి ఉన్నట్టు తిరిగి చేతిలో పెట్టాలి. అలా పెడితే తనని మధ్యలో లేపారన్న సంగతే దానికి తెలియదు. ఒక్క అంకె దాచడం మరిచిపోతే, పక్క పని వదిలివెళ్ళిన అంకెని తనదే అనుకుని నిశ్చింతగా లెక్క చేసుకుపోతుంది. ఇంత అమాయకమైన ప్రోగ్రాముల మధ్య కెర్నల్ ఒక్కటే అందర్నీ అనుమానించాలి. ఆ పని నాకంటే బాగా ఎవరు చేస్తారు?

తొంభై ఎనిమిదిలో మా కంపెనీ బెంగళూరు బీటీఎం లేఅవుట్లో ఒక ఇంటి పై అంతస్తులో ఉండేది. తొమ్మిది మందిమి. కింద ఓనరమ్మ పోపు పెడితే పైన అందరం తుమ్మేవాళ్ళం. గార్మెంట్ ఫ్యాక్టరీలకి గుడ్డ కొలిచి కోసే మెషిన్లు తయారు చేసేవాళ్ళం. ఒక చివర గుడ్డ తాను తగిలిస్తే, అది ఒక చక్రం మీదుగా జరుగుతూ వచ్చి, మనం చెప్పిన పొడవు దగ్గర కత్తి పడుతుంది. ఆ మెషిన్ లోపల నడిచే కెర్నల్ మొదటి లైను నుంచి చివరి లైను దాకా నాది. ముందున్న చిన్న తెర, దాని కింద బటన్లు చూసుకునేది వరూధిని. ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. మంచి పిల్లే, కాకపోతే ప్రశ్నలు ఎక్కువ.

ఆగస్టులో బొమ్మనహళ్ళి నుంచి ఫోనొచ్చింది. అక్కడొక యూనిట్‌లో చొక్కాలు కుడతారు. దాని మేనేజర్ బసవరాజు కన్నడం మనిషి, తెలుగు బాగానే మాట్లాడతాడు.

"జోగయ్య సార్, మీ మెషిన్ గుడ్డ తింటా ఉంది. బేగ రండి."

హోసూరు రోడ్డు మీద లారీల పొగ మింగుతూ స్కూటర్ మీద వెళ్ళాను. కటింగ్ సెక్షన్‌లో బల్ల మీద ఆరు పీసులు పరిచి ఉన్నాయి. ఒక్కో పీసు నూట నలభై రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి. నేను టేపు తీసుకుని కొలిచాను. మొదటిది నూట ముప్ఫై ఆరున్నర. రెండోది నూట ముప్ఫై ఆరున్నర. ఆరు పీసులూ అంతే. ఒక్కొక్కటీ సరిగ్గా ఆరు సెంటీమీటర్లు తక్కువ.

"ఎవరు గమనించారు?" అన్నాను.

"నేనే ఎత్తిపెట్టినా సార్. ఒగటి కూడా కుట్టే లైనుకి పోనీలేదు." మెషిన్ పక్కన నిలబడ్డ మనిషి అన్నాడు. యాభై దాటాయి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఆ యూనిట్‌లో పగటి షిఫ్టు కటింగ్ మాస్టర్, పేరు ఓబళప్ప. వాళ్ళది మూడు తరాలుగా బెంగళూరే అయినా ఇంట్లో తెలుగే.

"ఎప్పుడెప్పుడు వస్తున్నాయి ఇవి?"

ఆయన చెవి మీది సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పాడు. "చెప్తే నగుతారేమో సార్. నేను లెక్క చూసినాక వచ్చే పీసే తప్పుతాది. చూడకుంటే సరిగ్గానే ఉండాది."

"అంటే, మీరు చూస్తే మెషిన్‌కి సిగ్గా?" అన్నాను. బసవరాజు పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఓబళప్ప నవ్వలేదు. సుద్దముక్కని మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు.

బసవరాజు నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. మెషిన్ రాకముందు అక్కడ నాలుగు బల్లలు, ఎనిమిది మంది కటింగ్ వాళ్ళు ఉండేవాళ్ళట. ఒక్కో బల్లకి ఇద్దరు. మెషిన్ వచ్చాక ఇద్దర్ని ఉంచి ఆరుగుర్ని పంపేశారు. పగటి షిఫ్టుకి ఓబళప్ప, రెండో షిఫ్టుకి హేమంత్‌కుమార్. పోయినవాళ్ళలో ఇస్సాకు అనే ఆయన ఓబళప్పతో ఇరవై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర పనిచేశాడట. ఇప్పుడు హెబ్బగోడిలో ఒక గోడౌన్లో మూటలు మోస్తున్నాడు.

"ఓబళప్ప రోజూ భోజనం టైములో ఇస్సాకు గురించే మాట్లాడతాడు సార్. మెషిన్ అంటే ఆయనకి పడదు," అన్నాడు బసవరాజు. "ఇంకొకటి చెప్తాను. హేమంత్‌కుమార్ షిఫ్టులో ఒక్క పీసు తప్పలేదు. ఒక్కటంటే ఒక్కటి."

నాకింకేం కావాలి? తిరిగి వస్తున్నంతసేపూ లెక్క వేసుకుంటూనే వచ్చాను. మెషిన్ పాడైతే తప్పు చెల్లాచెదురుగా వస్తుంది. ఒకసారి ఒకటిన్నర తక్కువ, ఇంకోసారి మూడు ఎక్కువ. ప్రతిసారీ సరిగ్గా ఆరు తగ్గిందంటే అది మెషిన్ పని కాదు, చెయ్యి పని. పైగా పగటి షిఫ్టులోనే. పైగా తప్పు పీసులు తనే తెచ్చి చూపిస్తున్నాడు, తన మీదికి రాకుండా. "చూస్తేనే తప్పుతాది" అన్న మాట కూడా నన్ను తికమక పెట్టడానికి వదిలిందే.

ఆఫీసులో వరూధినికి చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకుంటే నాకు ఆశ్చర్యం వేసేది.

"సార్, లెంగ్త్ చేంజ్ చెయ్యాలంటే పాస్‌వర్డ్ కావాలి కదా. ఆయనకెలా తెలుస్తుంది?"

"బసవరాజు బల్ల మీద కాగితమ్ముక్క మీద రాసుకుని ఉంటాడు. అందరూ అంతే."

"పోనీ ఒకసారి కెర్నల్ కూడా చెక్ చేద్దామా సార్?"

నేను ఆమె వంక చూశాను. ఆమె తన స్క్రీన్ వైపు తిరిగిపోయింది.

మర్నాడే నేను ఒక పని చేశాను. ఏ బటన్ ఏ క్షణంలో నొక్కారో, ఏ పీసు ఎంత పొడవు కోశారో రహస్యంగా రాసిపెట్టే ముక్క ఒకటి ప్రోగ్రాములో జోడించి, కొత్త చిప్‌లోకి ఎక్కించి బొమ్మనహళ్ళి పట్టుకెళ్ళాను. మెషిన్ మూత తీసి పాత చిప్ లాగుతుంటే ఓబళప్ప వచ్చాడు.

"ఏం మారుస్తాండారు సార్?"

"ఏం లేదు, లోపల దుమ్ము పట్టింది."

లోపల చీకటిగా ఉందని ఆయనే టార్చి తెచ్చి, నేను చిప్ బిగించేదాకా వంగి వెలుగు పట్టాడు. నడుం నొప్పి ఉన్నట్టుంది, మధ్యలో ఒకసారి చెయ్యి మార్చుకున్నాడు. నాకు ఆ టార్చి మీద కూడా అనుమానమే. నేనేం చేస్తున్నానో చూడ్డానికి తెచ్చాడనుకున్నాను.

పది రోజుల తర్వాత ఆ చిప్‌లో రాసి ఉన్నదంతా తెచ్చి ప్రింటు తీశాను. నలభై పేజీలు. పదో పేజీకొచ్చేసరికి నాకు సంతోషం ఆగలేదు. ఓబళప్ప షిఫ్టులో నాలుగో బటన్ రోజుకి మూడొందల సార్లు నొక్కి ఉంది. హేమంత్‌కుమార్ షిఫ్టులో ఒకటో రెండో, అదీ మెషిన్ ఆపేశాక. నాలుగో బటన్ నొక్కితే అప్పటిదాకా మొత్తం ఎన్ని మీటర్లు కోశారో, గంటకి సగటున ఎన్ని మీటర్లో తెర మీద కనిపిస్తుంది. అంతే. ఈ పది రోజుల్లో తప్పిన పీసులు పదకొండు. పదకొండూ నాలుగో బటన్ నొక్కిన మరుక్షణంలోనే.

పొడవు మార్చే బటన్ మాత్రం పది రోజుల్లో ఒక్కసారి కూడా నొక్కి లేదు. అది నాకు కనిపించకపోలేదు. నాలుగో బటన్‌తో ఏదో కిటుకు కనిపెట్టి ఉంటాడని సర్దిచెప్పుకుని పేజీ తిప్పేశాను.

ఆ కాగితాలు చంకన పెట్టుకుని బొమ్మనహళ్ళి వెళ్ళాను. బసవరాజు గదిలోకి పిలిపిద్దామన్నాడు. నేనే వద్దన్నాను. మెషిన్ దగ్గరే చూపిస్తే అబద్ధం ఆడడానికి వీలుండదని నా తెలివి. మెషిన్ ఆపించాను. పక్కన చెకింగ్ బల్లల దగ్గర మల్లమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు చేతుల్లో చొక్కాలు అలాగే పట్టుకుని మా వైపు తిరిగారు. ముప్ఫై నలభై మంది ఉంటారు.

"రోజుకి మూడొందల సార్లు ఈ బటన్ ఎందుకు నొక్కుతున్నావు?" అన్నాను. అంతకుముందు వరకు ఆయన్ని మీరు అనే పిలిచాను. ఆ పూట నువ్వు అని నోట్లోంచి వచ్చేసింది.

"లెక్క చూసేదానికి సార్."

"మూడొందల సార్లు లెక్క చూస్తారా ఎవరైనా?"

"మొదట కట్టకొగసారి చూస్తాంటి. పీసు తప్పినాక ఎక్కువ చూస్తాండా. రెండో కొన పట్టేదానికి మనిషి లేడు గదా సార్."

అదేం మాటో నేను అడగలేదు. కాగితాలు ఆయన ముందు పెట్టి, ఎర్ర ఇంకుతో గీత గీసిన పదకొండు చోట్లూ ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాను. నాలుగో బటన్, తప్పు పీసు. నాలుగో బటన్, తప్పు పీసు. "ఇది దొంగపని కాకపోతే ఏంటి?" అన్నాను. ఆయన ఎర్ర గీతల వంక కాదు, పైన ఉన్న తారీఖుల వంక చూశాడు.

"ఇది దుమ్మని చెప్పి పెట్టింది గదా సార్," అన్నాడు.

బసవరాజు మర్నాటి నుంచి రావద్దన్నాడు. ఓబళప్ప మెడలో టేపు తీసి చుట్టి జేబులో పెట్టుకున్నాడు. సుద్దముక్క మెషిన్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఇరవై మూడేళ్ళ సర్వీసట. నాకు జాలేమీ కలగలేదు, ఉన్నమాట చెప్తున్నాను. పట్టుకున్నానన్న గర్వమే ఉంది.

రెండు షిఫ్టులూ హేమంత్‌కుమార్, అతని కింద నేర్చుకుంటున్న ఇంకొకతను చూసుకున్నారు. రెండు వారాల్లో ఒక్క పీసు తప్పలేదు. బసవరాజు మా ఆఫీసుకి మైసూర్‌పాక్ డబ్బా పంపించాడు. నేను మొదటి ముక్క తీసుకుని డబ్బా వరూధిని వైపు జరిపాను. ఆమె తీసుకోలేదు.

"సార్, ఒక డౌట్. ఫోర్త్ బటన్ కోడ్ నేను రాసిందే. అది లెంగ్త్‌ని టచ్ కూడా చెయ్యదు. టోటలూ, యావరేజీ చూపించి ఊరుకుంటుంది. మరి అది నొక్కగానే పీస్ ఎలా తగ్గింది?"

"ఏదో కిటుకు కనిపెట్టాడు."

"కిటుకు అంటే, అది మన బగ్గే కదా సార్?"

నాకు మండిపోయింది. రెండు వారాలుగా పీసులు సరిగ్గా రావడం కనిపించడం లేదా అని అరిచాను. ఆమె తలొంచుకుంది గానీ డబ్బా మూత పెట్టేసి నా వైపే జరిపింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఇంటికెళ్ళినా వదల్లేదు. మర్నాడు ఉదయం తాళం మూడుసార్లు లాగి చూశాను. కిరణ్మయి కిటికీలోంచి చూసి, "ఇవాళ ఎవరి మీద?" అంది.

ఏడున్నరకే ఆఫీసుకి వచ్చేశాను. మా దగ్గర పరీక్షకని ఒక మెషిన్ తలకాయ బల్ల మీద ఉంటుంది. గుడ్డ లేకపోయినా, గుడ్డ ఉన్నట్టే లెక్క కట్టి ప్రతి పీసు పొడవూ తెర మీద చూపిస్తుంది. దాన్ని నడిపించి నాలుగో బటన్ నొక్కడం మొదలుపెట్టాను. నూట నలభై రెండున్నర. నూట నలభై రెండున్నర. వంద సార్లు నొక్కాను, రెండొందలు నొక్కాను. ఏమీ కాలేదు. ప్రాణం కుదుటపడింది. ఇక ఆపేద్దామనుకుంటూ ఇంకో వంద నొక్కాను. వేలు నొప్పి పుట్టింది. మూడొందల పదహారోసారి తెర మీద నూట ముప్ఫై ఆరున్నర కనిపించింది.

నొక్కింది నేను. ఓబళప్ప ఆ గదిలో లేడు.

అప్పుడైనా బుద్ధి వచ్చిందంటే రాలేదు. నా అనుమానం తిన్నగా వరూధిని మీదికి పోయింది. ఆమె రాసిన ఫైలు తెరిచాను. సగటు కట్టే చోట దశాంశాలతో భాగహారం చేస్తోంది. దొరికిందనుకున్నాను. మా మెషిన్‌లో మామూలు లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది, దశాంశాల లెక్కలకి పక్కన వేరే చిప్ ఉంది, దానికి సొంతంగా అంకెలు పెట్టుకునే గదులు ఎనిమిది. కోత పని ఆ చిప్‌నే వాడుతుంది. తాను సన్నబడుతున్న కొద్దీ గుడ్డ లాగుడు మారుతుంది కాబట్టి, ప్రతి పీసుకీ ఎంత తగ్గించాలో ఎంత కలపాలో దశాంశాల్లో లెక్క కడుతుంది. బటన్ల పని కూడా అదే చిప్‌ని వాడితే మాత్రం ఏం? ఒక పనిని లేపేముందు దాని అంకెలన్నీ కెర్నల్ దాస్తుంది కదా. రెండు పనులూ ఒకే చిప్ వాడినా ఏ గొడవా ఉండకూడదు.

కెర్నల్ దాస్తుంది కదా అనుకుంటూనే నా ఫైలు తెరిచాను.

పని మార్చే చోట ప్రాసెసర్ అంకెలన్నీ ఒక్కటి పోకుండా దాచి ఉన్నాయి. దశాంశాల చిప్ గదులు ఎనిమిదింటిలో ఒక్కటీ దాచి లేదు. దాని పక్కనే ఇంగ్లీషులో నా సొంత మాట: దశాంశాలు కోత పని ఒక్కటే వాడుతుంది, దాచక్కర్లేదు. కింద నా పొడి అక్షరాలు, పన్నెండో తారీఖు మార్చి తొంభై ఏడు. పని మారిన ప్రతిసారీ కాస్త టైము మిగుల్తుందని ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయం. ఆ రోజుకి అది నిజమే. ఆ తర్వాత బటన్ల పనికి సగటు వచ్చి చేరింది.

మిగతాదంతా దానంతటదే విడిపోయింది. కోత పని గుడ్డ సవరణ లెక్క సగంలో ఉండగా ఎవరైనా నాలుగో బటన్ నొక్కితే, కెర్నల్ దాన్ని లేపి బటన్ల పనిని కూర్చోబెడుతుంది. ఆ పని గంటకి మూడొందల చిల్లర మీటర్లని సగటు కట్టి, ఆ అంకెని చిప్‌లో వదిలేసి లేచిపోతుంది. కోత పని తిరిగొచ్చి, ఆ మూడొందల చిల్లరని తన సవరణే అనుకుంటుంది. అంత తగ్గించబోతుంది. సవరణ ఎంతైనా ఆరు సెంటీమీటర్లు మించకూడదని ఒక హద్దు ఉంది కాబట్టి అక్కడ ఆగి, సరిగ్గా ఆరు తగ్గించి కోస్తుంది. ఆ హద్దు పెట్టింది కూడా నేనే. చెయ్యి పని అని నేను అనుకున్న ఆ ఆరు నిజంగానే ఒక చేతి పని, నాది.

తొమ్మిదింటికి వరూధిని వచ్చింది. అప్పటికీ నాలో ఒక మూల ఆశ చావలేదు. జూనియర్ పిల్ల పొరపాటు అంటే ఎవరూ పెద్దగా పట్టించుకోరు, నా కెర్నల్‌కి మచ్చ రాదు.

"దశాంశాలు వాడేముందు నన్ను ఒక్కమాట అడగొద్దూ?" అన్నాను.

"అడిగాను సార్. జనవరిలో. యావరేజ్‌కి డెసిమల్స్ వాడొచ్చా అంటే, ఇంత చిన్నదానికి నన్ను కదిలిస్తావా అన్నారు."

అన్నాను. బాగా గుర్తొచ్చింది. ఆమె గుమ్మంలో నిలబడి అడిగింది, నేను తల కూడా ఎత్తలేదు. మైసూర్‌పాక్ డబ్బా ఇంకా నా బల్ల మీదే ఉంది. దాన్ని తీసి సొరుగులో పడేసి, ఆమెకి నా ఫైలు చూపించాను. ఆమె చదివి, "ఓకే సార్, ఫిక్స్ చేసేద్దాం," అంది.

సరిచెయ్యడానికి తొమ్మిది లైన్లు పట్టింది. ఎనిమిది గదులూ దాచడం, తిరిగి పెట్టడం. ఇద్దరం వంతులేసుకుని సాయంత్రం దాకా మూడు వేల సార్లు నాలుగో బటన్ నొక్కాం. ఒక్క పీసు తప్పలేదు.

మర్నాడు మెషిన్‌లో కొత్త చిప్ బిగించి, బసవరాజు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు బల్ల మీద వేళ్ళతో కొట్టి, "పర్వాగిల్ల సార్. మెషిన్ రిపేర్ అయింది, మళ్ళీ రమ్మని ఓబళప్పకి కబురు పంపిస్తాను. సంగతి ఇంక పెంచొద్దు," అన్నాడు. నాకూ అదే హాయిగా అనిపించింది. కబురు వెళ్ళింది. ఓబళప్ప రాలేదు. కాగితం రాసి పంపారు. అయినా రాలేదు. శనివారం లోపల రాకపోతే ఆ పని కొత్తవాడికి ఇచ్చేస్తామని బసవరాజు ఫోన్ చేసి చెప్పాడు. అది గురువారం.

శుక్రవారం ఉదయం ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. బొమ్మనహళ్ళిలో రోడ్డు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య భాగీరథమ్మ తలుపు తీసి, నేనెవరో విని, కూర్చోమనకుండా లోపలికెళ్ళిపోయింది. ఓబళప్ప వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. మొత్తం చెప్పాను. రెండు పనులు, ఒకే చిప్, దాచవలసిన అంకెలు నేను దాచకపోవడం. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నాడు.

"అంటే, నేను చూసినప్పుడే తప్పిందనేది నిజమే గదా."

"నిజమే."

"మొదటి దినమే చెప్తిని."

"చెప్పారు."

"నగితిరి." ఆయన గొంతు పెరగలేదు. "ఇస్సాకుండే కాలంలో ఒగ కట్ట కోసినాక, పైపీసుకి నేనొక కొన, వాడొక కొన టేపు పట్టి కొలిచి, ఇద్దరమూ ఒగటే అంకె చెప్తేనే రెండో కట్టకి పోతాంటిమి. ఇరవై ఏండ్లు అట్లే చేసినాము. మెషిన్ వచ్చినాక రెండో కొనకి మనిషి లేడు. ఆ బటన్ నొక్కితే మొత్తం చూపిస్తాది గదా, దాంతో సరిచూసుకుంటాంటి. ఆరు సెంటీమీటర్లు తక్కువుంటే, ఆ కట్టలో వెతికి పీసు తీసి పక్కన పెడతాంటి. అదే నా దొంగతనం."

ఆ పీసులు ఎలా దొరుకుతున్నాయని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అనుమానంతో ఆయన ఎంత ఎక్కువ నొక్కితే తప్పులు అంత ఎక్కువయ్యాయి, తప్పులు ఎక్కువయ్యేకొద్దీ ఆయన ఇంకా నొక్కాడు. మా ఇద్దరిలో నిజంగా తప్పు చేస్తున్నదాన్ని అనుమానించింది ఆయనే.

"క్షమించండి ఓబళప్ప గారూ. రేపటి నుంచి పనిలోకి రండి. బసవరాజుగారు కాగితం కూడా పంపారు కదా."

"కాగితంలో మెషిన్ రిపేరయిందని ఉండాది సార్. నేను దొంగను కాదని యాడుండాది? నలభై మందిలో అంటిరి. ఆ నలభై మందిలో చెప్పండి. మెషిన్ గురించి కాదప్పా, మీరు చేసింది చెప్పండి. అప్పుడొస్తా."

స్కూటర్ దగ్గరికి వచ్చి చాలాసేపు తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. రేపు నన్ను చూసి ఆ ఆడవాళ్ళంతా నవ్వుతారనీ, ఈ మాట మా ఆఫీసుదాకా, ఇంకా అవతలికి కూడా పోతుందనీ భయం వేసింది. నిజంగా భయమే. ఒక మనిషి ఇరవై మూడేళ్ళ పని పోతుంటే నాకు నా పరువు గురించి దిగులు పట్టుకుంది.

శనివారం పదకొండింటికి బసవరాజుని బతిమాలి మెషిన్లన్నీ ఐదు నిమిషాలు ఆపించాను. ఓబళప్ప వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నా కన్నడం అంతంత మాత్రం. తెలుగూ కన్నడమూ కలిపే చెప్పాను.

"ఈ మెషిన్ లోపల ఒకటి కాదు, మూడు పనులు నడుస్తాయి. ఒక పనిని ఆపి ఇంకోటి మొదలుపెట్టేటప్పుడు మొదటిదాని అంకెలు దాచిపెట్టాలి. ఆ దాచే ప్రోగ్రాము రాసింది నేను. కొన్ని అంకెలు నేను దాచలేదు. పీసులు అందుకే తప్పాయి. ఓబళప్ప గారు ఏ తప్పూ చెయ్యలేదు, తప్పిన పీసులన్నీ పట్టుకుని ఆపింది ఆయనే. ఎందుకు తప్పుతున్నాయో కూడా మొదటిరోజే చెప్పారు. నేను వినకుండా నవ్వాను. దుమ్మని అబద్ధం చెప్పి మెషిన్‌లో చిప్ పెట్టాను. ఆయన టార్చి పట్టుకుంటే నేను పెట్టాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మల్లమ్మ నా వంక చూసి, తలుపు వైపు తిరిగి, "రాప్పా ఓబళప్పా, ఆడెందుకు నిలబడ్డావు," అంది. ఆయన లోపలికి వచ్చాడు. సుద్దముక్క మెషిన్ మీద పెట్టినచోటే ఉంది. దాన్ని చెవి మీద పెట్టుకుని, గుడ్డ తాను తగిలించి మెషిన్ వేశాడు. కొత్త చిప్‌తో కత్తి పడడం మొదలైంది. నాలుగో బటన్ నొక్కాడు. కట్ట పూర్తయ్యేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

తర్వాత మెషిన్ ఆపి, జేబులోంచి టేపు తీసి చుట్ట విప్పాడు. పైపీసు మూలకి ఒక కొన ఆనించి పట్టుకుని, రెండో కొన నా వైపు చాపాడు. మూడు వేల సార్లు పరీక్షించాను, ఇంక అక్కర్లేదని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఒకరు నా పనిని అనుమానిస్తుంటే కోపం రాకపోవడం నాకు అదే మొదటిసారి. వెళ్ళి ఆ కొన పట్టుకున్నాను.

"ఎంతుండాది?"

"నూట నలభై రెండున్నర."

"బాగా చూసి చెప్పండి సార్," అన్నాడు.

నేను వంగి, టేపు గుడ్డకి ఆనించి, మళ్ళీ చూశాను.